నవ్వితే ఊరు తెలిసిపోయేది

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని వాట్సాప్‌లో వీడియో రాగానే కారు తాళాలు వెతుక్కునే బ్యాచ్‌లో మీరూ ఉంటే, ఈ రోడ్డు మీకు కొత్త కాదు. ఎల్బీనగర్ దాటితే ఇబ్రహీంపట్నం, తర్వాత యాచారం, ఆ తర్వాత మాల్. మాల్‌లో ఒక టీ. అక్కణ్ణుంచి నేరుగా సాగర్. మధ్యలో ఎడమ చేతి వైపు లోపలికి పోయే రోడ్ల బోర్డులు ఎవరూ చదవరు. చదవాల్సిన పని కూడా ఉండదు.

మొన్న డిసెంబర్‌లో ఒక శనివారం మేం ఆ ఎడమ చేతి వైపే తిరిగాం. నల్లగొండ జిల్లా, మర్రిగూడ మండలం. హైదరాబాద్ నుంచి 70 కిలోమీటర్ల చిల్లర. మా టీమ్‌లో ఆ మండలం కుర్రాడు ఒకడున్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి మావాడు అనే అంటాను. వాళ్ళ ఊరి దగ్గర హైస్కూల్లో సైన్స్ చెప్పే టీచర్ వీడికి తెలుసు. "కంప్యూటర్ల గురించి మా పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పి పో" అని పిలిచారట. వీడికి కారు లేదు, నాకుంది. అదీ మన ప్రయాణ కారణం.

మావాడి గురించి ఒక విషయం ముందే చెప్పాలి. వాడు ఫోటోల్లో నవ్వడు. టీమ్ లంచ్ ఫోటోలో అందరం ఇకిలిస్తుంటే వీడు పెదాలు బిగించి ఏదో సంతాప సభకు వచ్చినట్టు నిలబడతాడు. వీడియో కాల్‌లో జోకు పేలితే చెయ్యి నోటికి అడ్డం వస్తుంది. చాలా రోజులు మేం వాడికి పొగరనుకున్నాం. అసలు సంగతి వాడి ముందు పళ్ళు. ఎనామిల్ మీద గోధుమ రంగు చారలు, అక్కడక్కడా చిన్న గుంటలు. డెంటల్ ఫ్లోరోసిస్. వీళ్ళ మండలంలో వాడి ఈడు వాళ్ళు నవ్వితే ఏ ఊరో చెప్పనక్కర్లేదు, చూసేవాళ్ళకు తెలిసిపోయేది.

యాచారం దాటాక మావాడు తన మూడో తరగతి కథ చెప్పాడు. అప్పుడు వాడు వేరే ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉండి ఒక బళ్ళో చదివేవాడు. ప్రతి సోమవారం ప్రార్థన అవగానే పరిశుభ్రత తనిఖీ. గోళ్ళు, జుట్టు, పళ్ళు. వీడితోపాటు ఇంకో ముగ్గుర్ని పక్కన నిలబెట్టేవారు. "పళ్ళు తోముకోవారా?" అని అందరి ముందూ అడిగేవారు.

"రోజు రెండుసార్లు తోముకునేటోన్ని. ఇంటికి పోయి ఇటుక పొడితో రుద్దేటోన్ని. ఉప్పుతోటి, బూడిదతోటి. చిగుళ్ళు రక్తం కారుతుండె గానీ మచ్చ పోకపోతుండె. ఇంటర్‌ల హైదరాబాద్ వచ్చినంక ఒక డెంటిస్ట్ చెప్పిండు, ఇది పైన అంటిన మురికి కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల్నుంచి వచ్చిందని."

ఆ డెంటిస్ట్ చెప్పింది అక్షరాలా నిజం. శాశ్వత దంతాల ఎనామిల్ చాలావరకు ఎనిమిదేళ్ళ లోపే చిగురు లోపల తయారైపోతుంది. ఆ వయసులో తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ ఎనామిలే సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేసరికే దెబ్బ తగిలి ఉంటుంది. ఇక బ్రష్షు ఏం చేస్తుంది పాపం. ఇదే నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లోకి పోతుంది. కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది. అలా వంగిన ఎముకను మళ్ళీ నిలబెట్టే మందు లేదు.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన భారత ప్రమాణం ఇంకా జాగ్రత్తగా 1 దగ్గర ఉంచమంటుంది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఇక్కడి బోర్లలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. తప్పు ఎవరిదీ కాదు, రాయిది. రోడ్డుకు రెండు పక్కలా కనబడే ఈ గ్రానైట్ గుట్టల్లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. వాన తక్కువ. నీళ్ళు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. బోరు ఎంత లోతుకు పోతే రాతితో అంత ఎక్కువ కాలం కాపురం చేసిన నీళ్ళు పైకొస్తాయి.

ఈ గొడవ కొత్తదీ కాదు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి వైద్య పత్రికలో రాసింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. మాది ఒంగోలు వైపు. 1970లో మా జిల్లా ఏర్పడినప్పుడు ఆ నెల్లూరు జిల్లాలో కొంత భాగం మాకొచ్చింది, దాంతో పాటు ఆ నీళ్ళూ వచ్చాయి. కనిగిరి వైపు చుట్టాలింటికెళ్తే నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళే అలవాటు మా అమ్మకు ఇప్పటికీ ఉంది. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అంటే మావాడు ఇటుక పొడితో పళ్ళు రుద్దుకునే నాటికి, రోగం పేరు, కారణం అచ్చయి యాభై ఏళ్ళు కావస్తోంది. ఆ ముక్క ఆ బడి దాకా మాత్రం రాలేదు.

ఇంకో విచిత్రం. నీళ్ళలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ని అడుక్కు దించే ఒక పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970 దశకంలో తయారు చేసింది. దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. ఆఫ్రికాలో ఇథియోపియా, కెన్యా, టాంజానియాల దాకా వెళ్ళింది ఆ పేరు. నల్లగొండ జిల్లా పిల్లల్లో ఎంతమందికి తెలుసని మాత్రం అడక్కండి.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. మీరు సరిగ్గానే చదివారు, నాలుగు వందల ఎనభై. జల సాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ బాధితులు, రైతులు వరసగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచేశారు. నీళ్ళు మాత్రం అంత వేగంగా రాలేదు.

మాల్ దగ్గర టీ తాగుతూ మావాడు సాగర్ రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఇంక కొంచెం ముందటికి పోతే గొడకొండ్ల. ఆడ పెద్ద పంప్‌హౌస్ ఉంటది. మీ ఫ్లాట్‌కొచ్చే కృష్ణ నీళ్ళు ఆణ్ణుంచే వస్తయి." నిజమే. సాగర్ వెనక జలాల నుంచి అక్కంపల్లి, కోదండాపూర్, నసర్లపల్లి, గొడకొండ్ల మీదుగా హైదరాబాద్‌కు కృష్ణ నీళ్ళు ఎక్కిస్తారు. మొదటి దశ 2004లో పూర్తయింది. రెండోది 2008లో, మూడోది 2015లో. నేనుండే వనస్థలిపురం అపార్ట్‌మెంట్‌లో సంపు నిండేది ఆ నీళ్ళతోనే. మావాడికి అప్పుడు ఏడేళ్ళు. పైపులు వాళ్ళ ఊళ్ళకు కూతవేటు దూరంలోంచి వెళ్తుంటే వీడు చేతిపంపు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డాడు. వాడు కోపంగా ఏం చెప్పలేదు. బిస్కెట్ టీలో ముంచుకుంటూ చెప్పాడు. నాకే టీ సహించలేదు.

మర్రిగూడ దారి బాగుంటుంది. ఎర్ర నేల, గుట్టలు, బత్తాయి తోటలు, మధ్యలో తాళ్ళు. పత్తి ఏరే కాలం కాబట్టి చేన్లన్నీ తెల్లగా ఉన్నాయి. ఎదురుగా ఒక బోరు లారీ వచ్చింది, వెనకాల ఇనుప గొట్టాలు గలగలలాడుతూ. ఈ జిల్లాలో బోరు లారీని చూస్తే నాకిప్పుడు వేరేగా అనిపిస్తోంది.

బడి గేటు ముందు ఒక తాత మనవరాలి కోసం టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పూర్తిగా నడుం దగ్గర వంగిపోయి ఉన్నాడు. మమ్మల్ని చూడటానికి తల ఎత్తలేడు, అందుకని మొత్తం మనిషి పక్కకు తిరిగి చూశాడు. మావాడు వెంటనే నేల మీద గొంతుక్కూచుని ఆయనతో మాట్లాడాడు. ఆ ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఆ మర్యాద తెలుసు. నాకు ఆ క్షణం దాకా తెలీదు.

సైన్స్ టీచర్ మేడమ్ మమ్మల్ని ఎనిమిదో తరగతికి తీసుకెళ్ళారు. గోడకు ఒక రంగుల చార్టు ఉంది. 'ఆరోగ్యకరమైన అలవాట్లు'. అన్ని బళ్ళలోనూ ఉండేదే. చేతులు కడుక్కోండి, గోళ్ళు కత్తిరించండి, ఆకుకూరలు తినండి, రోజుకు రెండుసార్లు బ్రష్ చేయండి, నీళ్ళు ఎక్కువగా తాగండి. ఆ ఆఖరి లైను కింద ఎర్ర స్కెచ్ పెన్‌తో మేడమ్ ఒక ప్రశ్న రాసి పెట్టారు: "ఏ నీళ్ళు?"

"ఈ చార్టు యాడ అచ్చయిందో గానీ మా ఊరి బోరు నీళ్ళు తాగి అచ్చెయ్యలే సార్" అన్నారు నవ్వుతూ.

నాకు ఆ రోజు మొత్తంలో బాగా పట్టుకున్న మాట అదే. నీళ్ళు ఎక్కువ తాగండి అనేది దేశమంతా మంచి సలహా. ఈ మండలంలో కొన్ని దశాబ్దాల పాటు ఆ సలహా పాటించిన పిల్లాడికి పాటించని పిల్లాడి కంటే ఎక్కువ నష్టం జరిగింది. పేస్టు సంగతీ అంతే. మామూలు ఊళ్ళలో పళ్ళు పుచ్చకుండా కాపాడేది ఆ ఫ్లోరైడే, కాబట్టి ఇది చదివి మీ ఇంట్లో పేస్టు పారేయకండి. ఇక్కడ మాత్రం చిన్నపిల్లలు పేస్టు మింగకుండా చూడమని మేడమ్ తల్లులకు విడిగా చెబుతారు. బఠాణీ గింజంత చాలు, బ్రష్షు నిండా పామొద్దు అని.

మేడమ్ పాఠం ఆ రోజు పుస్తకంలో లేదు. ముందు పిల్లలందర్నీ గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళి మూడు పనులు చేయించారు. గడ్డం ఛాతీకి తాకించడం. మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు ముట్టుకోవడం. రెండు చేతులూ తల వెనక కలపడం. ఎముకల ఫ్లోరోసిస్‌ని ఊళ్ళో ప్రాథమికంగా పట్టుకోడానికి వాడే పరీక్షలు ఇవే. మెడ, నడుం, భుజాలు బిగుసుకుంటే మొదట బయటపడేది ఇక్కడే. పిల్లలు ఆటలా చేసేశారు. నేను మాత్రం కాలి వేళ్ళ దాకా పోలేకపోయాను. నాది ఫ్లోరైడ్ కాదు, ల్యాప్‌టాప్. పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఆ నవ్వులోనే నేను పళ్ళు చూశాను. నేను డెంటిస్టుని కాను, లెక్క కట్టలేదు కూడా. పదో తరగతి పిల్లల్లో కొందరికి ముందు పళ్ళ మీద సన్నటి చారలు స్పష్టంగా ఉన్నాయి. అదే ఆవరణలో ఉన్న ప్రైమరీ బడి మూడో తరగతి పిల్లల్లో కొత్తగా వచ్చిన ముందు పళ్ళు తెల్లగా ఉన్నాయి. మధ్యలో ఏం జరిగిందో ఆ పళ్ళే చెబుతున్నాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి, 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు మెల్లగా ఈ ఊళ్ళకు వచ్చాయి. తెలంగాణలో ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం లెక్క చెప్పింది. ఏ పార్టీవాళ్ళు ఎంత గొప్పలు చెప్పుకున్నా, ఆ మూడో తరగతి పిల్లల నోళ్ళు చూశాక నాకు వాదించాలనిపించలేదు.

మధ్యాహ్నం మాకూ అక్కడే భోజనం. అన్నం, చారు, గుడ్డు, తోటకూర పప్పు. చారులో పులుపు బాగా తగిలింది. మేడమ్ దానికీ ఒక కథ చెప్పారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు స్కూలు వయసు మగపిల్లలకు 18 రోజులు రోజూ 10 గ్రాముల చింతపండు తిండిలో ఇచ్చి చూశారు. మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రచురించారు. తర్వాత పిల్లల హాస్టల్లోనూ అలాంటి పరీక్షే చేశారు. అంతమాత్రాన చారు మందైపోదు. నీళ్ళు మార్చాకే తిండి సాయం చేస్తుంది. కాల్షియం, సి విటమిన్ సరిపడా అందిన పిల్లల మీద ఫ్లోరైడ్ దెబ్బ కాస్త తగ్గుతుంది. అందుకే ఇక్కడ గుడ్డు, ఆకుకూర, మునగాకు, రాగిజావ అనే మాటలు మామూలు పోషకాహార పాఠంలా కాకుండా కాస్త గట్టిగా వినబడతాయి. వంటమ్మను నేనడిగిన ప్రశ్న ఒక్కటే, వంట ఏ నీళ్ళతో? "నల్లా నీళ్ళే సారూ. మేడమ్ రోజొచ్చి చూస్తది" అంది, కొంచెం విసుగ్గానే.

మావాడి కంప్యూటర్ల ఉపన్యాసం గురించి చెప్పేదేం లేదు. పిల్లలు జీతం ఎంత అని అడిగారు, వీడు తప్పించుకున్నాడు. ఒకమ్మాయి మాత్రం "అన్నా, మీకు పళ్ళ వల్ల ఇంటర్వ్యూలో ఏమన్న అన్నరా?" అని అడిగింది. పదో తరగతి. తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అడిగింది. మావాడు కాసేపు ఆగి, "అనలే బిడ్డా. నేనే ఊకె భయపడ్డ" అన్నాడు. ఆ తర్వాత డెంటిస్టులు పై పొర సరిచేసి మచ్చలు కనబడకుండా చేయొచ్చని, డబ్బులు జమ చేసుకుంటున్నానని కూడా చెప్పాడు. ఈ సంగతి మా టీమ్‌లో ఎవరికీ తెలీదు.

సాయంత్రం చివరి పీరియడ్ అసలు పీరియడ్. ముందు రోజే మేడమ్ పిల్లలకు పని అప్పజెప్పారు, ఇంట్లో కాకుండా బయట ఎక్కడ నీళ్ళు తాగుతారో అక్కణ్ణుంచి ఒక సీసా తెమ్మని. బల్ల మీద పదకొండు సీసాలు. ఫీల్డ్ టెస్ట్ కిట్ తెరిచారు. గాజు గొట్టంలో కొలత ప్రకారం నీళ్ళు పోసి రసాయనం చుక్కలు వేయాలి. గులాబీ రంగు నిలిస్తే ఫ్లోరైడ్ తక్కువ. పసుపుపచ్చకు తిరిగే కొద్దీ ఎక్కువ. బడి నల్లా నీళ్ళు గులాబీగా నిలిచాయి. గుడి దగ్గర ట్యాంకు, గులాబీ. తర్వాత ఒక ఎనిమిదో తరగతి పిల్లాడి సీసా. వాళ్ళ పత్తి చేను బోరు నీళ్ళవి. చుక్కలు పడ్డాయి. రంగు పసుపుపచ్చకు తిరిగిపోయింది. రంగుల పట్టీ పక్కన పెట్టి చూస్తే 3 దగ్గర.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ పిల్లాడు లేచి, "మేడమ్, కాగబెడితే పోతదా?" అన్నాడు.

"పోదు బిడ్డా. నీళ్ళు ఆవిరైతయి, అది అడుగున మిగులుతది. ఇంక చిక్కగైతది."

"మా అమ్మ, నాయిన పొద్దంత గవ్వే తాగుతరు."

ఊళ్ళోకి నల్లా వచ్చింది గానీ చేనుకు రాలేదు. వ్యవసాయం బోర్ల మీదే నడుస్తోంది. పత్తి ఏరే రోజుల్లో మనుషులు ఉదయం ఏడింటికి పోయి సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. పైపులైను ఏదో రిపేరొచ్చి రెండ్రోజులు ఆగితే ఊళ్ళోనూ పాత చేతిపంపు గుర్తొస్తుంది. ఆవాసాలు సున్నా అనే లెక్కలో ఈ చేను ఎక్కడా పడదు. పిల్లాడి సీసా పడింది.

బడి వదిలాక మావాడు నా కారు డిక్కీలో ఉన్న 20 లీటర్ల క్యాను బయటికి తీశాడు. సాగర్ ట్రిప్పుల కోసం పెట్టుకున్నది. బడి నల్లా దగ్గర నింపాం. పిల్లాణ్ణి ఎక్కించుకుని చేనుకు పోయాం, రెండు కిలోమీటర్లు మట్టి రోడ్డు.

వాళ్ళ నాన్నకు మా వాలకం మొదట అర్థం కాలేదు. బ్యాంకువాళ్ళమేమో అనుకున్నాడు. కొడుకు చెప్పాక నవ్వాడు. "ఈ బోరు నీళ్ళు తియ్యగుంటయి సార్. గా నల్లా నీళ్ళు మందు వాసనొస్తయి. తాగబుద్ధి కాదు" అన్నాడు. క్లోరిన్ వాసన మాట నిజమే. ఫ్లోరైడ్‌కు వాసనా లేదు, రుచీ లేదు. పిల్లాడు వాళ్ళ నాన్నను నిలబెట్టి మూడు పరీక్షలూ చేయించాడు. గడ్డం తాకింది. చేతులు తల వెనక కలిశాయి. నడుం వంచితే చేతులు మోకాళ్ళ కింద ఆగిపోయాయి.

"పొద్దంత పత్తి ఏరినోనికి నడుం వంగుతదారా" అన్నాడాయన. అయ్యుండొచ్చు. మేం ముగ్గురం ఏం మాట్లాడలేదు. పిల్లాడు మాత్రం ఆ చేతులు ఆగిన చోటునే చూస్తున్నాడు.

వాళ్ళమ్మ వచ్చి క్యాను మూత తీసి వాసన చూసింది. గ్లాసుతో ముంచుకుని తాగింది. "మూత దీసి పెడితె వాసన పోతది, ఏం కాదు" అని క్యానును వేపచెట్టు నీడలోకి జరిపింది.

"ఇయ్యాల సార్లు తెచ్చిండ్రు. రేపెవడు తెస్తడు?" అన్నాడు తండ్రి.

"నేను తెస్త. సైకిల్ మీద. బడికి పోకముందే."

"ఇరవై లీటర్లు నీతోని కాదు గానీ, ఇంట్ల నూనె డబ్బా ఉంది, ఐదు లీటర్లది. అది కడిగి పెడత" అంది వాళ్ళమ్మ.